ఎరుపు లెక్కలోకి రాదు

రెండు నెలలైనా దగ్గు తగ్గకపోతే డాక్టరు రాసిన పరీక్షల్లో మాంటూ టెస్ట్ ఒకటి. ముంజేతి చర్మంలోకి సన్నటి సూదితో చుక్కంత మందు ఎక్కించి, చుట్టూ పెన్నుతో గీత గీసి, "గోకొద్దు సార్, మూడో రోజు రండి" అని పంపించారు. మూడో రోజుకి అక్కడ రూపాయి బిళ్ళకంటే పెద్దగా ఎర్రబారింది. నేను అప్పటికే ఇంటర్నెట్లో చదవాల్సినవన్నీ చదివేసి, భయపడాల్సినంతా భయపడి, ల్యాబ్‌కి వెళ్ళాను. టెక్నీషియన్ కుర్రాడు ఆ ఎరుపుని పట్టించుకోనే లేదు. వేలికొసతో చర్మాన్ని మెల్లగా తడుముతూ పోయి, ఒకచోట ఆగి చుక్క పెట్టాడు. అవతలి వైపు నుంచి మళ్ళీ తడుముతూ వచ్చి ఇంకో చుక్క పెట్టాడు. రెండిటి మధ్యా స్కేలు పెట్టి చూశాడు.

"ఇంత ఎర్రగా ఉంది కదా తమ్ముడూ?"

"ఎరుపు లెక్కలోకి రాదు సార్. గట్టిపడిందెంతో అదే కొలుస్తాం."

రిపోర్టులో ఒకే లైను: ఇండ్యురేషన్, 7 మిల్లీమీటర్లు. మన దగ్గర మామూలుగా 10 దాటితే పాజిటివ్ అంటారు. ఎక్స్‌రే కూడా శుభ్రంగా వచ్చింది. చివరికి ఎలర్జీ అని తేలింది, దగ్గు తగ్గింది. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. గట్టిపడటానికి ఇంగ్లీషులో 'హార్డెనింగ్' అనే మామూలు మాట ఉండగా ఈ ఇండ్యురేషన్ ఎక్కడిది?

డిక్షనరీలో దీనికి మూడు ఇళ్ళున్నాయి. వైద్యంలో శరీరంలో ఒక భాగం గట్టిపడటం. భూగర్భశాస్త్రంలో మెత్తటి మట్టీ ఇసకా రాయిగా మారడం. మూడోది పాతబడిన సాహిత్యార్థం: మనసు స్పందన పోయి బిగుసుకుపోవడం. 'ఇండ్యురేట్' అనే విశేషణాన్ని ఒకప్పుడు, ఎంత చెప్పినా చలించని పాపుల్ని తిట్టడానికి వాడేవాళ్ళు. మూలం లాటిన్‌లో 'డూరుస్', అంటే గట్టిది. దాన్నుంచి 'ఇండూరారే', గట్టిపరచడం. డూరుస్‌కి, మన దేవదారులో ఉన్న 'దారు'కి, అంటే చెట్టుకి, కొయ్యకి చుట్టరికం ఉందని కొందరు భాషాశాస్త్రవేత్తలు అన్నారు. అందరూ ఒప్పుకోరు. ఒప్పుకుంటే బావుండునని నాకుంది.

నన్ను ఆపేసిన సంగతి వేరే. ఇదే 'ఇండూరారే' పాత ఫ్రెంచి మీదుగా ముందే ఇంకోసారి ఇంగ్లీషులోకి వచ్చింది. జనం నోళ్ళలో నలిగి 'ఎండ్యూర్' అయింది. ఓర్చుకోవడం, తట్టుకోవడం, నిలబడటం. అదే మాట తర్వాత పండితుల లాటిన్ నుంచి నేరుగా దిగి 'ఇండ్యురేట్' అయింది. అంటే ఓర్పూ, బండతనమూ ఒకే తల్లి బిడ్డలు. ఒకదాన్ని మెచ్చుకుంటాం, రెండోదాన్ని ఛీ అంటాం. రెండూ గట్టిపడటమే అయితే, ఒక మనిషి ఎటువైపు గట్టిపడుతున్నాడో లోపలినుంచి ఎలా తెలుస్తుంది?

ఇది భాషాశాస్త్రపు సరదా ప్రశ్న అయితే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. కానీ ఆ రిపోర్టు చేతికొచ్చిన వారమే మా ఆఫీసులో మూడో లిస్టు వచ్చింది.

నేను చేసే పని ఎవరికి ఏ సిస్టమ్‌లోకి ప్రవేశం ఉండాలో చూసే ప్లాట్‌ఫామ్. కంపెనీలో ఉద్యోగాలు తీసేసినప్పుడు హెచ్ఆర్ నుంచి ఒక ఫైలు వస్తుంది. చెప్పిన టైముకి నా స్క్రిప్టు నడుస్తుంది. మెయిలు, వీపీఎన్, కోడ్ రిపాజిటరీ, ఆఫీసు తలుపు తెరిచే కార్డు, అన్నీ నాలుగు నిమిషాల్లో మూసుకుంటాయి. మొదటిసారి 41 మంది. ఆ రోజు అన్నం సయించలేదు. స్క్రీన్ మీద ఒక్కో పేరూ పైకి జరిగిపోతుంటే, స్టేషన్లో రైలు కదులుతున్నట్టు ఉండింది. రెండోసారికి స్క్రిప్టుని బాగుచేశాను. లాగ్‌లో పేర్లు తీసేసి ఎంప్లాయీ నంబర్లు పెట్టాను. ప్రైవసీ కోసం అని కోడ్ రివ్యూలో రాశాను. అది అబద్ధం కాదు, ఆడిట్ వాళ్ళు మెచ్చుకున్నారు కూడా. కానీ అసలు కారణం నాకు తెలుసు. మూడోసారి 112 మంది. బిర్యానీ తింటూ చూశాను. చివర్లో ఆకుపచ్చ రంగులో '112 సక్సెస్, 0 ఫెయిల్డ్' అని వచ్చింది. మొదటిసారి రెండు ఫెయిలయ్యాయి, ఈసారి ఒక్కటీ కాలేదు. నాకు తృప్తిగా అనిపించింది.

ఆ తృప్తి గురించే ఈ వ్యాసం.

మా వృత్తిలోనూ ఈ మాట ఉంది. సర్వర్‌ని 'హార్డెన్' చేయడం అంటే అనవసరమైన సర్వీసులు ఆపేయడం, వాడని పోర్టులు మూసేయడం, రూట్ లాగిన్ తీసేయడం. బయటివాడు ఏ సందులోంచి రావచ్చో ఆ సందు లేకుండా చేయడం. పేర్ల బదులు నంబర్లు పెట్టినప్పుడు నేను చేసింది కూడా ఇదే. నాలోకి రాగలిగే ఒక దారిని మూసేశాను. సర్వర్‌కైతే ఇది మంచిపనే. సర్వర్‌కి బయటినుంచి వచ్చేదాంట్లో చాలాభాగం ప్రమాదం. మనిషికి బయటినుంచి వచ్చేవన్నీ ప్రమాదాలేనా?

గట్టిపడటాన్ని తిట్టేముందు దాని మేలు కూడా చెప్పుకోవాలి. ఫ్రాన్సిస్ బుకానన్ అనే స్కాట్లాండ్ డాక్టరు 1800-01లో మద్రాసు నుంచి మైసూరు, మలబారు దాకా తిరిగి రాసిన పుస్తకం 1807లో అచ్చయింది. మలబారులోని అంగాడిపురం దగ్గర ఆయన ఒక వింత ఎర్రరాయి చూశాడు. నేలలో ఉన్నప్పుడు ఇనుప పనిముట్టుతో దిమ్మలుగా కోసేంత మెత్తగా ఉంటుంది. కోసి బయటపెడితే గాలి తగిలి ఇటుకకంటే గట్టిపడుతుంది. లాటిన్‌లో ఇటుకని 'లాటెర్' అంటారు గనక దానికి లాటరైట్ అని పేరు పెట్టాడు. భూగర్భశాస్త్రం చెప్పే ఇండ్యురేషన్ ఇలాంటిదే. ఆ రాయి మెత్తగానే ఉండిపోయి ఉంటే దాంతో ఎవరూ గోడ కట్టలేరు. గట్టిపడబట్టే ఎవరికో ఇల్లయింది.

మనుషుల్లోనూ అంతే. ఆధునిక వైద్యవిద్యకి పునాదులు వేసినవాళ్ళలో ఒకడైన విలియం ఆస్లర్, 1889లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకుంటున్న డాక్టర్లకి 'ఈక్వానిమిటాస్' అనే ప్రసంగం చేశాడు. కలవరపడకపోవడం వైద్యుడికి ఉండాల్సిన మొదటి గుణం అన్నాడు. రోగి ముందు చేతులు వణికే డాక్టరు ఎవరికీ పనికిరాడు కదా. అందుకని తగుపాళ్ళలో ఒక మొద్దుతనాన్ని సాధన చేయమన్నాడు. వెంటనే, అలా చేస్తూ గుండెని మాత్రం గట్టిపడనివ్వకండి అని హెచ్చరించాడు. చదివినప్పుడు, చెప్పడం తేలికే అనిపించింది. తగుపాళ్ళు అంటే ఎంత? వంటల పుస్తకంలో 'ఉప్పు తగినంత' అని రాసినట్టుంది. కానీ మంచి డాక్టర్లకీ, నర్సులకీ ఆ పాళ్ళు తెలుస్తాయన్నది మనం కళ్ళతో చూసేదే.

తెలుగులో ఈ పాళ్ళ తేడా మాటల్లోనే ఉంది. ఆటగాడు 'రాటుదేలాడు' అంటే పొగడ్త. 'కరుడుగట్టిన' అనేది పేపర్లో ఎక్కువగా నేరస్థుల ముందే కనిపిస్తుంది. కత్తి 'మొద్దుబారుతుంది', బుర్ర కూడా. బెండకాయ 'ముదురుతుంది', అందుకే కొనేముందు కొస విరిచి చూస్తాం. ఇంకా ఆశ్చర్యం కలిగించేది వ్యాకరణం. 'గుండె బండబారింది' అంటాం, 'గుండె రాయి చేసుకున్నాను' అనీ అంటాం. రెండుచోట్లా రాయే. మొదటిదానిలో చేసినవాడు లేడు. నల్లబారినట్టు, ఎర్రబారినట్టు, ఎప్పుడు జరిగిందో తెలియకుండా జరిగిపోయింది. రెండోదానిలో 'చేసుకోవడం' ఉంది. పిల్లాణ్ణి హాస్టల్లో దింపి వెనక్కి తిరిగి చూడకుండా బస్సెక్కే తల్లి గుండె రాయి చేసుకుంటుంది. ఆ రాయి ఆవిడ చేతిలో ఉన్న రాయి. బస్సు ఊరు దాటాక కరిగిపోతుంది. ఎండ్యూర్‌కీ ఇండ్యురేట్‌కీ ఉన్న తేడా ఈ చిన్న క్రియలో ఉందనిపిస్తుంది.

మరి 'చేసుకున్నది' ఎప్పుడు 'బారిపోతుంది'? దీనిమీద మనుషులు రెండు వేల ఏళ్ళకి పైగా వాదించుకున్న కథ ఒకటుంది. బైబిల్లో నిర్గమకాండం. బానిసల్ని వదిలిపెట్టమని మోషే అడుగుతాడు, ఫరో ఒప్పుకోడు, ఈజిప్టు మీద పది తెగుళ్ళు పడతాయి. ఫరో గుండె గట్టిపడటాన్ని హీబ్రూ మూలం మూడు క్రియలతో చెబుతుంది. ఒకదానికి బిగుసుకోవడం, బలపడటం అని అర్థం, ఒకదానికి బరువెక్కడం, ఒకదానికి గట్టిపడటం. అనువాదాల్లో ఈ తేడాలు చాలావరకు చెరిగిపోయాయి. లాటిన్ బైబిల్లో చాలాచోట్ల మన ఇండూరారే వచ్చి కూర్చుంది. తెలుగు బైబిల్లో 'కఠినపరచు' అని ఉంటుంది.

కథలో చిక్కు ఏమిటంటే, గట్టిపరిచింది ఎవరు? తెగుళ్ళ వరస చూస్తే మొదటి ఐదింటిలో ఫరో తన గుండెని తానే గట్టిపరుచుకుంటాడు, లేదా అది గట్టిగా ఉండిపోతుంది. కప్పల తెగులప్పుడు బతిమాలుకుంటాడు. కప్పలు పోయి కాస్త ఊపిరాడగానే మళ్ళీ మొదటికొస్తాడు. ఆరో తెగులు, ఒంటినిండా పుండ్లు లేచినప్పుడు, మొదటిసారి దేవుడే అతని గుండెని గట్టిపరిచాడని వస్తుంది. ఇదేం న్యాయం? గట్టిపరిచింది దేవుడైతే శిక్ష ఫరోకి ఎందుకు? పన్నెండో శతాబ్దంలో, అదే ఈజిప్టులో ఉండి రాసిన యూదు తత్త్వవేత్త మైమోనిడెస్ ఒక జవాబు చెప్పాడు. ఫరో మొదట తప్పు చేసింది తన ఇష్టంతోనే. దానికి పడిన శిక్ష, ఇక మారగలిగే స్వేచ్ఛ పోవడమే.

నేను భక్తుణ్ణి కాను. కానీ ఈ జవాబు చదివితే నాకు నా స్క్రిప్టు గుర్తొచ్చింది. ఏ పనైనా మొదటి కొన్నిసార్లు చేత్తో చేస్తాం. ప్రతిసారీ 'చేయాలా?' అన్న ప్రశ్న ఎదురవుతుంది, ప్రతిసారీ జవాబు చెప్పాలి. తర్వాత దాన్ని ఆటోమేట్ చేస్తాం. అక్కణ్ణుంచి ప్రశ్న రాదు. పని జరిగిపోతుంది. బయటినుంచి చూసేవాడికి అది ఎవరో చేయిస్తున్నట్టే ఉంటుంది, దేవుడో, మేనేజ్‌మెంటో, మార్కెట్టో. 'మనం నిమిత్తమాత్రులం' అని ఆఫీసులో అనుకోవడం విన్నాను. నేనూ అన్నాను. కానీ ఆ స్క్రిప్టు రాసింది నేనే. దానిలోంచి పేర్లు తీసేసిన కమిట్ మీద ఇవాళ్టికీ నా పేరుంది.

ఇంజనీరింగ్ మొదటి ఏడాది వర్క్‌షాప్‌లో హౌస్ వైరింగ్ ఉండేది. ఖాళీగా ఉన్నప్పుడు రాగి తీగ ముక్కని ఒకేచోట అటూ ఇటూ వంచుతూ కూర్చునేవాళ్ళం. మొదట మెత్తగా వంగుతుంది. వంచేకొద్దీ అక్కడే గట్టిపడుతుంది. ఇంకా వంచితే పుటుక్కున విరుగుతుంది. దీన్ని వర్క్ హార్డెనింగ్ అంటారని తర్వాత చదివాం. లోహం స్ఫటికాల్లో సన్నటి లోపాలుంటాయి. వంచినప్పుడు అవి కదలడం వల్లే లోహం వంగుతుంది. వంచినకొద్దీ అవి పెరిగి, ఒకదానికొకటి అడ్డుపడి, చిక్కుకుపోతాయి. కదలడానికి చోటుండదు. బలం పెరిగిందనుకుంటాం, కానీ ఇక వంగే శక్తి అయిపోయిందన్నమాట. తర్వాత మిగిలింది విరగడమే.

దీనికి మందు కూడా ఉంది. బంగారాన్ని సుత్తితో కొట్టి రేకు తీసే కంసాలి, కాసేపు కొట్టాక ఆపి దాన్ని మళ్ళీ నిప్పులో పెడతాడు. అలా పెట్టకపోతే రేకు పగులుతుంది. కాలితే స్ఫటికాలు కొత్తగా కుదురుకుని లోహం మెత్తబడుతుంది, మళ్ళీ కొట్టొచ్చు. కొట్టడం, కాల్చడం, కొట్టడం. పనిలో దెబ్బలు తప్పవు. మధ్యలో నిప్పు దగ్గరికి తిరిగి వెళ్ళడం మర్చిపోకూడదని కంసాలికి తెలుసు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

నా విషయంలో ఆ నిప్పు ఫోన్ రూపంలో వచ్చింది. మూడో లిస్టు నడిచిన పొద్దున, ఫోన్ సైలెంట్‌లో ఉంది. రెండు మిస్డ్ కాల్స్. ఐదేళ్ళ కిందట ఒకే టీమ్‌లో పనిచేసిన సీనియర్. నేను ప్రొడక్షన్ డేటాబేస్‌లో చేసిన ఒక వెధవ పనిని, రాత్రి రెండింటి దాకా కూర్చుని సరిచేసి, పొద్దున్నే ఎవరికీ చెప్పని మనిషి. పనిలో పడి తిరిగి చేయలేదు. మర్నాడు లింక్డిన్‌లో ఆవిడ పోస్టు కనిపించింది. పదకొండేళ్ళ ప్రయాణం ముగిసిందనీ, కృతజ్ఞతలనీ. ఎర్రటి గుండె బొమ్మ నొక్కాను. కింద అప్పటికే వందలకొద్దీ ఎర్రటి గుండెలు. ఆవిడ నంబరు నా 112లో ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. తెలియకుండా ఉండే ఏర్పాటు నేనే చేసుకున్నాను.

ఐదో రోజు ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో రాసుకుని మరీ చేశాను. ఆవిడ మామూలుగానే ఉంది, నా దగ్గు ఎలా ఉందని అడిగింది. ఆ రోజు రెండుసార్లు ఎందుకు చేశారని అడిగాను.

"లాగిన్ అవ్వట్లేదు కదా, సిస్టమ్ ఏదో డౌనేమో అనుకున్నా. నువ్వయితే తొందరగా చూస్తావని చేశా" అంది.

ఆ నాలుగు నిమిషాల్లో, హెచ్ఆర్ మీటింగ్‌కి ఇంకా పిలుపు రాకముందు, తలుపు మూసేసినవాడికే ఫోన్ చేసి తలుపు తీయమని అడిగింది. నేనే ఆ పని చేశానని చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "అది నీ పని కదా, ఎవరో ఒకరు చేయాలి" అంది. క్షమించిందో, మాట మార్చిందో నాకిప్పటికీ తెలియదు. ఆ రాత్రి మాత్రం మొదటి లిస్టు రోజులాగే అన్నం సయించలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, సయించనందుకు కొంచెం ఊరటగా అనిపించింది.

మళ్ళీ ల్యాబ్ కుర్రాడి దగ్గరికి వస్తాను. మాంటూ పరీక్షలో చర్మంలోకి పంపేది క్షయ సూక్ష్మజీవి నుంచి తీసిన ప్రోటీను. శరీరానికి అంతకుముందు ఆ జీవితో పరిచయం ఉంటే రక్షణ కణాలు దాన్ని గుర్తుపట్టి అక్కడికి చేరతాయి. అలా గుంపుకట్టడం వల్లే చర్మం గట్టిపడుతుంది. బీసీజీ టీకా వేసుకున్నా కొంత గట్టిపడొచ్చు. ఎలా చూసినా ఆ గట్టిదనం శరీరపు జ్ఞాపకం. దానికి టైము పడుతుంది, అందుకే 48 నుంచి 72 గంటలు ఆగి కొలుస్తారు. రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్నవాళ్ళలో, లోపల జబ్బు ఉన్నా ఇక్కడ ఏమీ గట్టిపడకపోవచ్చు. అంటే ఈ పరీక్షలో గట్టిపడటం, స్పందన ఇంకా మిగిలుందని చెప్పే గుర్తు.

మొద్దుబారిన చర్మం వేరు, ఇది వేరు. మొద్దుబారినచోట నొక్కితే ఏమీ తెలియదు. ఇక్కడ నొక్కితే లోపలేదో గుర్తుపట్టిందని తెలుస్తుంది. కాబట్టి, నేను గట్టిపడ్డానా లేదా అని కాకుండా, ఎక్కడ నొక్కితే ఇంకా గుర్తుకొస్తుంది అని అడుక్కోవాలేమో. మన భాషలో ఎదురుచూసి ఎదురుచూసి 'కళ్ళు కాయలు కాచాయి' అంటారు. చేతికి కాయ పని వల్ల కాస్తుంది. కంటికి, చూడటం మానకపోవడం వల్ల. అది ఓర్పు వైపు గట్టిపడటం. నేను చేసింది చూడకుండా ఉండటానికి గట్టిపడటం. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, మీటింగ్‌లో రెండు రకాల మనుషులూ అంతే ప్రశాంతంగా కనిపిస్తారు. ఎర్రటి గుండెలు నొక్కడంలోనూ తేడా ఉండదు. మూడో రోజుకి ఏం మిగిలిందో చూస్తే తప్ప తేల్చలేం.

తర్వాత జరిగిన సంగతి చెప్పి ముగిస్తాను. పెద్దదేం కాదు. ప్రవేశం తీసేసేముందు ఎవరో ఒక మనిషి ఫోన్ చేసి చెప్పాలని ప్రతిపాదన పెట్టాను. ఒప్పుకోలేదు. భద్రత గురించి, చట్టం గురించి కారణాలు చెప్పారు, వాటిలో కొన్ని సబబైనవే. అప్పుడు నా చేతిలో ఉన్నది చేశాను. లాగ్‌లో నంబర్లే ఉంచి, అమలు చేయడానికి బటన్ నొక్కే మనిషికి మాత్రం ముందు పేర్లన్నీ తెరమీద కనిపించేలా మార్చాను. చివరి పేరు దాకా కిందికి జరిపితేగానీ బటన్ పనిచేయదు. రివ్యూలో ఒక కుర్రాడు అడిగాడు, దీనివల్ల నాలుగు నిమిషాలు కాస్తా పది నిమిషాలవుతుంది కదా, ఏం లాభం అని.

దీనివల్ల ఎవరి ఉద్యోగమూ తిరిగి రాదు. లాభం ఉందని రుజువు చేసే అంకె నా దగ్గర లేదు. "చదవడానికి ఆమాత్రం టైము పడుతుంది" అని రాసి, మెర్జ్ చేశాను.